చూసినవాని బాకీ

“ఫాదర్‌గారూ, ఏనుగును వేటాడితే పాపం, ఒప్పుకుంటాను. జీపులో కూర్చుని ఫొటో తీసుకుంటే దానికి పోయేదేముంది? వెంట్రుకైనా ఊడదు గదా!” సెలవులకు ఆఫ్రికా సఫారీకి వెళ్లివచ్చే కుటుంబాలు మన విచారణల్లో కూడా కనిపిస్తున్న ఈ రోజుల్లో ఇది అడగదగిన ప్రశ్నే. ఒక ప్రాణిని కేవలం చూసినందువల్ల దానికి మనం ఏమైనా బాకీ పడతామా?

కెన్యా దేశంలో, కిలిమంజారో పర్వతానికి దిగువన అంబోసెలి అనే జాతీయవనం ఉంది. కొండమీద పడిన నీరు భూమి అడుగున పారి వచ్చి అక్కడ మడుగులుగా ఉబుకుతుంది. ఆ మడుగులకోసం ఏనుగులు వస్తాయి. ఏనుగులకోసం, పైకప్పు తెరుచుకునే వ్యానుల్లో యాత్రికులు వస్తారు. పెద్ద ఆడ ఏనుగు వెంట పిల్లాపాపలతో మంద అంతా వ్యాను పక్కనుంచే నడిచిపోతుంది. మనవాళ్లు చూసి “ఎంత సాధుజంతువులో” అని మురిసిపోతారు.

నిజానికి వాటికి మనుషుల సంగతి బాగా తెలుసు. 2007లో వెలువడిన ఒక పరిశోధన కోసం శాస్త్రజ్ఞులు మసాయి పశువుల కాపరులు కట్టి విడిచిన బట్టలను, కంబా రైతులు కట్టి విడిచిన బట్టలను ఆ ఏనుగులు తిరిగేచోట ఉంచారు. మసాయి యువకులు బల్లెంతో ఏనుగును పొడవడం అక్కడ పాత సంగతి. వారి బట్టల వాసన తగలగానే ఏనుగులు మరింత వేగంగా, మరింత దూరం పరుగెత్తాయి. రైతుల బట్టలకు అంతగా జంకలేదు. ఎవరివల్ల హాని, ఎవరివల్ల లేదు అని అవి విడదీసి గుర్తుంచుకుంటాయన్నమాట. వ్యానులో కూర్చున్నవాణ్ణి చూసి బెదరకపోవడం కూడా ఆ లెక్కలోదే. వీడు ఏమీ చేయడని అవి ఏళ్లతరబడి చూసి నమ్మాయి. మన ఫొటో ఆ నమ్మకం మీద ఆధారపడి వస్తుంది.

ఈ నమ్మకానికి వెల ఎంతో ఇగోర్ అనే ఏనుగు కథ చెబుతుంది. నిక్ బ్రాండ్ట్ అనే బ్రిటిష్ ఛాయాగ్రాహకుడు, దూరాన్ని దగ్గరచేసే లెన్సులు వాడకుండా తానే జంతువుల దగ్గరకు వెళ్లి ఫొటోలు తీసేవాడు. 2007లో అంబోసెలిలో నీళ్లు తాగుతున్న ఇగోర్‌ను కొద్ది మీటర్ల దూరంనుంచి తీశాడు. లోకమంతా మెచ్చిన చిత్రమది. రెండేళ్ల తర్వాత, 2009లో, నలభై తొమ్మిదేళ్ల ఇగోర్‌ను దంతాలకోసం దొంగవేటగాళ్లు చంపారు. కెమెరా పట్టుకున్నవాణ్ణి అంత దగ్గరకు రానిచ్చిన ఏనుగు, ఆయుధం పట్టుకున్నవాణ్ణి కూడా రానిచ్చిందేమోనన్న అనుమానం నన్ను వదలదు. ఫొటోగ్రాఫరు చంపాడని ఎవరూ అనరు, అనకూడదు కూడా. కాని “దానికి పోయేదేముంది” అని అంత తేలికగా అనడం ఇక కుదరదు.

జంతువులపట్ల మనకు నేరుగా కర్తవ్యం లేదనీ, వాటిని హింసించేవాడు రేపు మనుషుల్ని హింసిస్తాడు గనుక మానుకోవాలనీ కాంట్ బోధించాడు. పునీత తోమాసు అక్వినాసువారి వాదం కూడా దీనికి దగ్గరదే. సెమినరీలో ఇది చదువుకున్నప్పటినుంచీ నాకు అరకొరగానే తోస్తుంది. అలాగైతే ఇగోర్ కేవలం మన సత్ప్రవర్తనకు అభ్యాస పుస్తకమా? విచిత్రమేమంటే, నాకు సాయపడే సంగతి కూడా కాంట్ పుస్తకంలోనే దొరికింది. 1788లో అచ్చయిన గ్రంథంలో ఆయన లైబ్నిజ్ గురించి చెబుతాడు. ఆ తత్వవేత్త ఒక చిన్న పురుగును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, తిరిగి దాని ఆకుమీదే జాగ్రత్తగా పెట్టాడట. దానివల్ల తాను నేర్చుకున్నాడు, ఒక మేలు పొందాడు గనుక. పురుగు అడగలేదు. అయినా చూసినవాడు బాకీపడ్డాడు.

బ్రాండ్ట్ ఆ బాకీని గుర్తించాడనే నా అభిప్రాయం. 2010లో రిచర్డ్ బోన్‌హామ్‌తో కలిసి బిగ్ లైఫ్ అనే సంస్థను స్థాపించి, స్థానికులనే కాపలాదారులుగా నియమించాడు. సింథియా మాస్ 1972లో ప్రారంభించిన పరిశోధనలోనైతే ఫొటో ఏనుగుకే పనికివచ్చింది: చెవి అంచుల చిరుగులను ఫొటోల్లో పోల్చి ఒక్కొక్క ఏనుగునూ గుర్తుపట్టి, తరతరాల చరిత్ర రాశారు.

మనం సంస్థలు పెట్టనక్కరలేదు. కాని ఫొటోలో ఏమి కత్తిరిస్తున్నామో చూసుకోవచ్చు. 1974లో జాతీయవనం ఏర్పడినప్పుడు మసాయిల పశువులకు ఆ మడుగులు దూరమయ్యాయి. నేటికీ ఆ ఏనుగులు వనం హద్దుదాటి వారి భూముల్లోనే ఎక్కువగా తిరుగుతాయి. వాటి ప్రాణం మన కెమెరాలకంటే ఎక్కువగా ఆ కాపరుల ఓర్పుమీద నిలిచింది. “ప్రకృతి ఒడిలో ఏనుగు” అని ఇంటికి తెచ్చుకునే ఫొటోలో ఆ కాపరి ఉండడు, అతని ఆవూ ఉండదు.

దారి తప్పించి బండిని గడ్డిలోకి దించే డ్రైవరును తిట్టడం సులువు. “ఇంకొంచెం దగ్గరకు పోనివ్వవయ్యా” అని టిప్పు చూపించేది ఎవరు? ఏనుగు చెవులు విప్పి, తల పైకెత్తి, పిల్లకూ బండికీ మధ్యకు వచ్చి నిలబడిందంటే చాలించమని అర్థం. ఫొటో అద్భుతంగా వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే. బండి వెనక్కి తీయమని డ్రైవరుతో చెప్పవలసిందీ అప్పుడే.