ఖాళీ జాగ

మెదక్ నుంచి ఎల్లారెడ్డి పోయే తోవలో హవేలిఘనపూర్ దాటి ఇంకొంచెం ముందుకు పోతే పోచారం అడవి. నిజాం కాలంలో వేటకు అట్టిపెట్టిన అడవి అది. 1952 నుంచి అభయారణ్యం, దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. దాన్ని చూసుకోవడానికి అటవీశాఖ ఉంది. అడవికీ ఊరికీ నడుమ మిగిలిన నేలకు మాత్రం గ్రామ పంచాయతీయే దిక్కు. ఆ నేల గురించే నాకూ, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయికీ మాట నడిచింది. ఆమె ఇప్పుడు పంచాయతీ కార్యదర్శి.

"వంద మొక్కలు పెడితే ఎనభై అయిదు బతకాలె సార్. 2018 పంచాయతీరాజ్ చట్టంల రాసిండ్రు. బతకకపోతే సర్పంచ్ పదవికి, నా నౌకరికి రెండిటికీ ఎసరే. ఎండకాలమంతా ట్యాంకర్ ఎంబడి తిరుగుడే నా పని."

"మంచి పనే బిడ్డా. పల్లె ప్రకృతి వనం పెట్టినరు గదా, అంతకుముందు ఆ జాగల ఏముండె?"

"ఏం లేకుండె సార్. ఖాళీ జాగ."

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆ నేల నేనెరిగిందే. రేగు, బలుసు, పరికి పొదలుండేవి. బతుకమ్మ పండుగకు ఆడపిల్లలు తంగేడు పూలు అక్కడే తెంపుకునేవాళ్లు. పొదల కింద పూరేడు పిట్టలు తిరిగేవి. నట్టనడుమ గులకరాళ్ల నేల మీద తీతువు గుడ్లు పెట్టేది. తీతువు చెట్టెక్కదు, గూడు కట్టదు. రాళ్ల నడుమ రాయిలాగే కనిపించే గుడ్డును ఉత్త నేల మీద పెడుతుంది. మనకు ఖాళీగా కనిపించేదే దాని ఇల్లు. అక్కడ నీడ పెంచితే అది ఎక్కడికి పోవాలి?

ఇదే చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

"సార్, మొక్కలు పెట్టినం కాబట్టే ఆ జాగ మిగిలింది. బంచరాయి అని వదిలిపెడితే ఈపాటికి ప్లాట్లు అయిపోతుండె. తీతువు పేరు చెప్పి నేను కబ్జా ఆపగలనా? చెట్టు ఉంటే చూపెట్టొచ్చు, లెక్క రాయొచ్చు. లెక్క లేని దానికి ఎవరు జవాబు చెప్తరు?"

నా దగ్గర వెంటనే సమాధానం లేదు. ఆమె చెప్పింది నిజం. లెక్కకు రానిది ముందుగా పోతుంది. కానీ లెక్కకు లొంగేదాన్నే పెంచితే ఏమవుతుందో కూడా చూశాం. రాష్ట్ర ప్రభుత్వం మొక్కలు నాటించిన హరితహారం కార్యక్రమంలో దారుల వెంట కోనోకార్పస్ విరివిగా నాటారు. త్వరగా పెరుగుతుంది, పచ్చగా ఉంటుంది. తర్వాత ప్రభుత్వమే దాన్ని వద్దంది.

"ఎనభై అయిదు శాతం అని మాట ఇచ్చినం గదా. ఎవరికిచ్చినం?" అని అడిగాను.

"ప్రకృతికి."

"మాట తీసుకున్నవాడు రేపు వచ్చి అడగాలె. నిన్ను అడిగేది ఎవరు?"

ఆమె కాసేపు ఆలోచించింది. "పై ఆఫీసర్లే సార్."

"అయితే మాట వాళ్లకే ఇచ్చినట్టు."

"మరి పిట్ట వచ్చి అడుగుతదా?"

పిట్ట అడగదు. పిట్ట రాలేదని గమనించేవాళ్లు అడుగుతారు. 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ వాళ్ల కోసమే ఉందని నేను నమ్ముతాను. ప్రతి గ్రామ పంచాయతీకీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్లో ఏ చెట్టు, ఏ విత్తనం, ఏ జీవి ఉందో, దాని గురించి ఎవరికి ఏం తెలుసో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో రాయాలి. ఏళ్లు గడిచినా పని కదలకపోతే, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే ఒక్కో రాష్ట్రం నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలంది. దేశమంతటా రెండున్నర లక్షలకు పైగా కమిటీలు ఏర్పడ్డాయి. గడువుకు భయపడి రాసిన రిజిస్టర్‌లో ఊరి గొంతు ఎంత వినిపిస్తుందో నాకు అనుమానమే.

"మా దగ్గర కూడా బీరువాల ఉంది సార్. నేనొచ్చినంక తెరవలే," అన్నదామె, దాచకుండా.

జహీరాబాద్ ఆడవాళ్లు గుర్తొచ్చారు. ఉమ్మడి మెదక్ జిల్లావాళ్లే. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉండి, జొన్న, కొర్ర, సామ విత్తనాలను ఇళ్లలో దాచి, ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతరగా ఊరూరా తిప్పారు. 2019లో ఆ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. ఏ గింజ తగ్గిందో చేతికి తెలిసినవాళ్లు వాళ్లు. పైనుంచి వచ్చే లెక్క అలా ఉండదు.

"2030 కల్లా నేలలో, నీళ్లలో 30 శాతం కాపాడాలని 2022లో మాంట్రియల్‌లో దాదాపు దేశాలన్నీ ఒప్పుకున్నయి," అన్నాను.

"మా ఊరికి 30 శాతం అంటే ఎంత సార్? ఏ జాగ?"

"అది మాంట్రియల్‌ల ఎవరికి తెలుస్తది బిడ్డా."

చెరువు కట్ట మీదుగా గొర్ల మంద దిగుతోంది. వెనుక ముసలాయన, భుజాన గొంగడి. ఆమె అటే చూస్తూ ఉండి, బండికి తగిలించిన సంచిలోంచి నోటుబుక్కు తీసింది.

"తాతా, ఒక్క నిమిషం ఆగు. తీతువు గుడ్లు ఈ ఏడు యాడ పెట్టింది, చూసినవా?"

ఆయన కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. "గిన్నేండ్లకు అడిగినవా బిడ్డా," అని, తూర్పు దిక్కు చెయ్యి చూపించాడు.