కొయ్యగిన్నె - కర్తృత్వం

తన చేతులతో ఒక వస్తువును చేసినవాడికి దాని మీద ఎంత అధికారం ఉంటుంది, 'ఇది నేను చేసినది' అన్న భావం ఎప్పుడు బంధంగా మారుతుంది అన్న ప్రశ్నకు కొయ్యతో చేసిన చిన్న గిన్నె ఒక మంచి పరీక్ష. మనుస్మృతి ఆరవ అధ్యాయం సన్న్యాసికి లోహపాత్రను కాదని సొరబుర్ర, మట్టి, వెదురు పాత్రలతో పాటు కొయ్యపాత్రకు అనుమతి ఇచ్చింది. శ్వేతాంబర జైన సాధువులు నేటికీ కొయ్యపాత్రలలో భిక్ష స్వీకరిస్తుండగా, దిగంబర మునులు పాత్రను సైతం వదిలి దోసిలిలోనే భుజిస్తారు. బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన వినయపిటకం మాత్రం కొయ్యపాత్రను నిషేధించింది. రాజగృహంలో ఒక శ్రేష్ఠి చందనపు గిన్నె చేయించి ఎత్తైన వెదురు గడకు కట్టించగా, పిండోల భారద్వాజుడు సిద్ధిబలంతో ఎగిరి దానిని అందుకున్నాడనీ, బుద్ధుడు అతన్ని మందలించి గిన్నెను పగలగొట్టించాడనీ అందులోని కథ. అక్కడ దోషంగా ఎంచబడినది గొప్ప చూపించుకోవాలన్న కోరిక.

వస్తువు మీది మమకారాన్ని గురించిన ఈ విచారణ మహబూబ్‌నగర్ ప్రాంతానికి కొత్తది కాదు. జడ్చర్ల దగ్గర అల్వాన్‌పల్లిలో ఇటుకతో కట్టిన ప్రాచీన జైనాలయం గొల్లత్తగుడి, అవసరానికి మించి దేనినీ తనదిగా పట్టుకోకూడదనే అపరిగ్రహ వ్రతం ఒకప్పుడు ఈ నేల మీద బోధింపబడిందనడానికి సాక్ష్యంగా నిలిచి ఉంది.

అయితే అపరిగ్రహం పని మానినవాడి కంటే పని నేర్చుకొనేవాడికే కఠినమైన వ్రతం. వడ్రంగం కొత్తగా నేర్చుకొనేవాడు పచ్చి వేపదుంగను నిలువునా చీల్చి, పగుళ్లకు మూలమయ్యే నడిగుజ్జును తొలగించి, బాడిసతో వెలుపలి వంపు దిద్ది, ఉలితో లోపలి భాగాన్ని అంచు నుంచి అడుగు వైపు కొద్దికొద్దిగా తొలుస్తాడు. పచ్చి కొయ్య ఆరేటప్పుడు పొడవు కంటే అడ్డంగా ఎక్కువ కుంచించుకుపోతుంది గనుక, గుండ్రంగా చెక్కిన గిన్నె కూడా కొంత కోలగా మారుతుంది. గోడ ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా ఉన్నా, ఎండలో తొందరగా ఆరినా, చీలిపోతుంది.

మరి గిన్నె నిలిచినా చీలినా దానికి కారణం చేసినవాడొక్కడేనా? భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం ప్రతి కర్మకూ ఐదు హేతువులు చెప్పింది: ఆశ్రయమైన శరీరం అధిష్ఠానం, చేసేవాడు కర్త, సాధనాలు కరణం, వివిధ వ్యాపారాలు చేష్ట, ఐదవది దైవం. దసరా నాడు వడ్లవారు పనిముట్లను పూజించడంలో కరణానికి గల ఈ భాగాన్ని గుర్తించే వినయం ఉంది. ఐదింటిలో తాను ఒకటి మాత్రమేనని ఎరిగినవాడికి గిన్నె మీద గర్వం నిలవదు.

గిన్నె పగిలితే నేరాన్ని దైవం మీదికి నెట్టడానికి ఈ సిద్ధాంతం వీలు కల్పించదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. కాని గోడ మందం సమంగా ఉంచడం, నీడలో నిదానంగా ఆరబెట్టడం కర్త వంతు. ఆ వంతు తీర్చిన తరువాతనే మిగిలినది దైవం పాలు అవుతుంది. తన వంతును లోపం లేకుండా నెరవేర్చి, ఫలం పూర్తిగా తనదేనని అనుకోకుండా మొదటి గిన్నెను వాడుకకు ఇచ్చివేయగలిగినవాడు విద్యతో పాటు అపరిగ్రహాన్నీ అభ్యసిస్తున్నాడు. సన్న్యాసికి విధించిన ఈ ధర్మం పనివాడికీ అందుబాటులో ఉన్నదే, శ్రమకు గౌరవం ఇచ్చే సమాజం దానిని పనివాడిలోనే ముందుగా గుర్తించాలి.