తెలిసినవారి నడుమ తెలియనివాడు

సోఫోక్లీసు రచించిన ఈడిపస్ నాటకమును బోధించునపుడెల్ల నేను మొదట కథాంతమునే చెప్పివేయుదును. ఏలయన, ఏథెన్సులో డయొనీసస్ ఉత్సవమునకు వచ్చిన ప్రేక్షకులకు, థీబ్సు రాజైన ఈడిపస్ తండ్రిని చంపి తల్లిని పెండ్లాడినవాడని ముందుగనే ఎఱుకయే.

థీబ్సును పీడించు మహమ్మారి తొలగవలెనన్నచో పూర్వరాజైన లేయసును చంపినవానిని శిక్షింపవలెనని డెల్ఫీ దేవవాణి పలుకగా, ఈడిపస్ ఆ హంతకుని అందఱియెదుట శపించి, లేయసు తన కన్నతండ్రియైనట్లే భావించి పోరాడుదునని ప్రతిన పూనుచున్నాడు. ఇచట నేను కొంతసేపు చదువుట ఆపుదును. ఉపమానమనుకొని అతడు పలికినది అక్షరసత్యమగుచున్నది. తరగతిలో ఎవరో ఒకరు తల దించుకొందురు. మన ఆలంకారికులు పతాకాస్థానకమనినది ఇట్టి ఉక్తికి మిక్కిలి సన్నిహితము. కన్నులున్న రాజు కానలేనిదానిని అంధుడైన ప్రవక్త టైరీసియస్ కనుచుండుటయు, వాచిన పాదములవాడను అర్థమును పేరులోనే మోయుచు రాజు తన జన్మమును గుర్తింపలేకుండుటయు భావిసూచనలే.

అయినచో అతడు స్వతంత్రుడా, విధి చేతి బొమ్మయా? హంతకుని వెదకుమని దేవవాణి ఆదేశించినది నిజమే. కాని ఇంక అడుగవలదని అతని తల్లియు భార్యయునైన జొకాస్టా వేడుకొనినను వినక, తన పుట్టుకను గూర్చి అడిగినవాడు అతడే. ఆ ప్రశ్న విధిది కాదు, అతనిదేయని నా నిశ్చయము. నాడు పసికందైన ఈడిపసును జాలితో చావనీయని ముదుసలి గొఱ్ఱెలకాపరి ఇపుడు నోరు విప్పుటకు వణకుచుండగా, రాజు తాను వినబోవునది ఎంత ఘోరమో గ్రహించియే, విని తీరవలెననుచున్నాడు.