ఇంత తెలుగు ఎక్కడ నేర్చుకున్నావ్?

నేను ముస్లింని. నాకు ఉర్దూ రాదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి సిగ్గుపడకుండా చెప్పడానికి నాకు సగం జీవితం పట్టింది.

మాది కొడవలూరు. నెల్లూరు నుంచి కావలి వైపు పోయే రైలు దారిలో ఉంటుంది, చుట్టూ వరి మళ్ళు. మేం దూదేకులవాళ్ళం. నూర్‌బాషా అంటే కాస్త మర్యాదగా ఉంటుందని నాయన అట్లా చెప్పేవాడు. జేజికి ఆ బాధ లేదు. దూది ఏకి, పరుపులు కుట్టి, తలలో దూది పింజలతోనే వీధిలో తిరిగేది. ఇంట్లో కోడళ్ళను తిట్టినా, దువాలో అల్లాను అడిగినా నెల్లూరు తెలుగే.

నా పేరులో మస్తాన్ ఉంది. మా జిల్లాలో ఆ పేరు చూసి మతం చెప్పలేరు. కసుమూరు మస్తాన్ వలికి మొక్కుకుంటే పుట్టారని హిందువులు కూడా పిల్లలకు మస్తానయ్య, మస్తానమ్మ అని పెట్టుకుంటారు. ఆ పేరు చాటున నేను చాలాసార్లు దాక్కున్నాను. అవతలివాళ్ళు హిందువనుకుంటే అనుకోనిచ్చాను.

1993లో ఒక పట్నంలో అద్దె ఇల్లు అడగబోతే ఆ చాటు చాల్లేదు. ఇంటాయన నా ఇంటిపేరు అడిగాడు. దూదేకుల అన్నాను. బాబ్రీ మసీదు కూలి నిండా ఏడాది కాలేదు. కాసేపు నా వైపు చూసి, "ఇంత తెలుగు ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నాడు. ఎక్కడ నేర్చుకుంటాను? అందరూ ఎక్కడ నేర్చుకుంటారో అక్కడే, మా అమ్మ ఒళ్ళో. ఇల్లు మాత్రం ఇవ్వలేదు.

ఇది అటువైపు కథ. ఇటువైపు కూడా ఉంది. "తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా" అని సామెత. అంటే అసలు తురకలు వస్తే వీడు లేచి చోటివ్వాలన్నమాట. హాస్టల్లో ఉర్దూ మాట్లాడే మిత్రులు, "నువ్వేం ముస్లింవిరా, కలలు కూడా తెలుగులోనే కంటావు" అని నవ్వేవాళ్ళు. ప్రభుత్వానికి కూడా మేం వేరే లెక్క. 1970 నాటి వెనుకబడిన తరగతుల జాబితాలో మేం బి గ్రూపు. 2007లో తక్కిన పేద ముస్లిం తెగలకు ఇ గ్రూపు పెట్టారు. వీరబ్రహ్మం గారి శిష్యుడిగా సిద్దయ్యను అంతా మెచ్చుకుంటారు గానీ, దూదేకుల అనే ముక్క లేకుండా ఆయన పేరు చెప్పేవాళ్ళు తక్కువ.

ఇట్లాంటి మనిషికి, "నిన్ను నువ్వు అంగీకరించుకో, గాయం మానుతుంది" అని సలహా ఇస్తారు. వినడానికి బాగుంటుంది. ఇల్లివ్వని వాడి తప్పుకు నేను నన్ను బాగుచేసుకోవడం ఏమిటి? ఆ రోగం వాడిది. మందు నేను మింగితే వాడికి తగ్గుతుందా? నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారా షహీద్ రొట్టెల పండగకు అన్ని మతాలవాళ్ళూ వచ్చి రొట్టెలు మార్చుకుంటారు. చూసి పొంగిపోతాం, పొంగిపోవాలి కూడా. కానీ మర్నాడు అద్దె ఇంటి గుమ్మం ముందు ఆ రొట్టె పనికిరాదు. అక్కడ కొట్లాడాల్సిందే.

అయితే నాలో ఇంకో గాయం ఉంది. దాన్ని ఏ ఇంటాయన మీదా వేయలేను.

నేను నెల్లూరు హాస్టల్లో ఉండగా జేజి ఒకసారి వచ్చింది. కొత్త దిండు కుట్టి, చంకన పెట్టుకుని, బస్సులో నిలబడి వచ్చింది. తలలో దూది అట్లాగే ఉంది. "అబ్బయ్యా" అని వరండాలోనుంచే పిలిచింది. పక్కన ఆ ఉర్దూ మిత్రులున్నారు. ఎవరని అడిగారు. "మా ఊరామె" అన్నాను. జేజికి చెవులు బాగానే వినపడతాయి. దిండు నా మంచం మీద పెట్టి, "మీ జేజి ఇమ్మనింది నాయనా" అని చెప్పి వెళ్ళిపోయింది. నా అబద్ధాన్ని తానే మోసింది.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికింది. ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమె పోయాక నాకు నిద్ర పట్టేది కాదు. మనసు చెదిరినవాళ్ళను మా జిల్లాలో ఏ.ఎస్.పేట దర్గాకు తీసుకుపోయి రాత్రుళ్ళు పడుకోబెడతారు. చదువుకున్నవాడినని నవ్వుకునే నేను అక్కడ మూడు రాత్రులు పడుకున్నాను. దయ్యమూ పోలేదు, మహిమా జరగలేదు. పక్కన పడుకున్న ఒక ముసలామె మాత్రం ఏమైందని అడిగింది. తెలుగులోనే అడిగింది. మొట్టమొదటిసారి ఆ దిండు సంగతి ఒక మనిషికి చెప్పాను. విని ఆమె ఏమీ అనలేదు, దుప్పటి నా వైపు జరిపింది.

నన్ను ఎవరూ కలుపుకోలేదని ఏడ్చినవాణ్ణి, నా కోసం వచ్చిన మనిషిని నేనే వెలివేశాను. వెలి వేయించుకున్నవాడికి వెలివేయడం ఇంత తొందరగా ఎట్లా అలవాటవుతుందో నాకింకా పూర్తిగా అర్థం కాలేదు. జేజిని ఒప్పుకోకుండా నన్ను నేను ఒప్పుకోవడమంటే ఏమిటో కూడా తెలియదు.

మొన్న మా అమ్మాయి ఏదో దరఖాస్తు నింపుతూ, మతం దగ్గర ఇస్లాం అనీ, మాతృభాష దగ్గర తెలుగు అనీ నన్ను అడక్కుండానే రాసింది. రాస్తూ రాస్తూ, "జేజమ్మ ఎట్లా ఉండేది నాయనా?" అంది. అంతా చెప్పాను, హాస్టల్ వరండాతో సహా. అమ్మాయి పెన్ను పక్కన పెట్టింది. కాసేపటికి, "ఆ దిండు ఏమైంది?" అంది.

ఉంది. తీసి చూపించాను.