ఇది కథ కాదు, రిపోర్టు

తెలుగులో ముస్లింల జీవితం గురించి రాసినప్పుడల్లా మాకు ఎదురయ్యే మాట ఇది. అదే బతుకును పత్రికాఫీసుకు పట్టుకుపోతే మాట తిరగబడుతుంది. "ఇది వార్తలా లేదు, కథలా ఉంది" అంటారు. వార్తకూ పనికిరాక, కథకూ పనికిరాక మా అమ్మీల, అబ్బాల బతుకులు ఏ పేజీలో అచ్చుకావాలి?

ఉర్దూలో ఈ గోడ ఇంత ఎత్తు లేదు. అక్కడ 'రిపోర్తాజ్' అని ఒక ప్రక్రియే ఉంది. 1945లో హైదరాబాదులో జరిగిన ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభ మీద కృష్ణ చందర్ రాసిన 'పౌదే' అలాంటిదే. బొంబాయి నుంచి రైలు ప్రయాణం, మనుషుల తీరు, సభలో సాహిత్యం మీద వాదాలు, అన్నీ అందులో కలిసే ఉంటాయి. పాకిస్తాన్ వెళ్లిపోయిన మన హైదరాబాదీ ఇబ్రహీం జలీస్ తన రిపోర్తాజ్‌కు 'దో ముల్క్, ఏక్ కహానీ' అనే పేరు పెట్టుకున్నాడు. చూడండి, రాసింది రిపోర్తాజ్, పేరులో కహానీ!

సాహిత్య పత్రికలో వార్తాకథనం, కథ, విమర్శ పక్కపక్కనే ఉంటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుందని మేము నమ్మాం. ఇప్పటికీ నమ్ముతున్నాం. కానీ మా చేతులతో మేమే చేసిన పని ఒకటుంది. అది చెప్పకుండా ఈ మాట అనడం న్యాయం కాదు.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత పాతబస్తీ కుర్రవాళ్లను పోలీసులు పట్టుకుపోయారు. వాళ్లమీద పెట్టిన కేసులు కోర్టుల్లో నిలవలేదు. 2012లో కొందరికి ప్రభుత్వమే నష్టపరిహారం ఇచ్చింది. ఆ రోజుల్లో అలా కొడుకును పోగొట్టుకుని, నెలల తర్వాత తిరిగి చూసుకున్న ఒక తల్లి మాతో గంటసేపు మాట్లాడింది. మేము పనిచేసే పత్రికలో అది నాలుగు లైన్లయింది. కడుపు మండి కథ రాశాం. కొడుకును తీసుకుపోయిన రాత్రి ఆమె అన్నం పళ్లెం పట్టుకుని తెల్లారేదాకా గడపలో నిలబడ్డట్టు రాశాం.

ఆమె అలా నిలబడలేదు. అది మేము కల్పించింది.

ఒక సాహిత్య పత్రిక ఆ కథ వేసింది. తర్వాతి సంచికలో ఒక విమర్శకుడు రాశాడు: మొత్తం రిపోర్టులా ఉంది, గడప దృశ్యంలో మాత్రమే కథ పలికింది అని. మేము కల్పించిన ఒక్క ముక్కే ఆయనకు సత్యంగా కనబడింది! మేము సంతోషించాం కూడా. దాచుకోవడం ఎందుకు?

పత్రిక పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాం. ఆమెకు తెలుగు చదవడం రాదు. ఉర్దూలో చెబుతూ పోయాం. గడప దగ్గరకొచ్చేసరికి ఆపింది.

"నై బేటా, మై ఖడీ నై థీ. సో గయీ థీ."

ఆ రాత్రి ఏడ్చి ఏడ్చి నిద్రపోయిందట. కొడుకు ఠాణాలో ఉంటే తనకు నిద్రెలా పట్టిందన్నదే ఇన్నేళ్లూ ఆమెను తినేస్తున్న బాధ. మేము ఆమెను నిలబెట్టి, ఆ బాధను ఆమె నుంచి లాక్కున్నాం.

పేరు మార్చాం, వీధి మార్చాం. అది ఆమె క్షేమం కోసం. గడప మాత్రం ఎవరికోసం? పాఠకుడి కన్నీటి కోసమా, విమర్శకుడి మెప్పు కోసమా? ముస్లిం తల్లి మంచి తల్లే అని మెజారిటీ వాళ్లకు రుజువు చేయాలన్న తొందర కూడా అందులో ఉందేమో. ఎప్పుడూ బోనులో నిలబడి రాసేవాడికి ఆ తొందర తప్పదు. నిద్రపోయిన తల్లిని చూపిస్తే ఏమనుకుంటారో అన్న భయం మాది.

ఉర్దూలో ఒక్కడే మాట్లాడినా 'హమ్' అనొచ్చు. ఆ సౌకర్యంతోనే ఇక్కడ 'మేము' అంటున్నాం. గడప రాసిన 'మేము'లో ఆమె లేదు.

ఈమధ్య ఆ కథను ఒక సంకలనానికి అడిగారు. గడప కొట్టేశాం. నిద్ర రాయాలంటే ఆమెను అడగాలి. ఇంకా వెళ్లలేదు.