దాసోహమను మాట



"దాసోహ"మనగా నేమి? దాసః, అహమ్ అను రెండు సంస్కృతపదముల కలయిక. "నేను దాసుడను" అని అర్థము. నిఘంటువు చెప్పునది ఇంతియే. కాని మాటకు అర్థముతోపాటు మనసున నిలిచిన అనుభూతియు గలదు. "వాడు ధనమునకు దాసోహమనెను" అని లోకులందురు. వినినంతనే రోత పుట్టును. "నేడు మఠమున దాసోహము" అని మనవారందురు, వినినంతనే బారులు తీరిన విస్తళ్ళును, పొగలు గ్రక్కు అన్నమును, "ఇంకొంచెము వడ్డింతునా, అయ్యా?" అను ఆదరవాక్యమును తలపునకు వచ్చును. మాట యొక్కటియే, ఒకచోట అవమానము, వేరొకచోట ఆనందము.

ఈ భేదమెక్కడిది? తల వంచుట రెంటను గలదు. ఎవరి యెదుట, ఎందులకు వంచితిమన్నదే భేదము. ఆశతో బలవంతుని యెదుట వంచినచో బానిసత్వము. ప్రేమతో ఆకలిగొన్నవాని యెదుట వంచినచో భక్తి. 12వ శతాబ్దమున కల్యాణమునందు బిజ్జలుని కొలువున భండారియై, అధికారము చేతనుండియు, బసవేశ్వరుడు జంగమసేవనే గొప్పగా నెంచెను. "వాడే నేను" అను సోఽహంభావముకంటె "నేను దాసుడను" అను భావమే ఆయనకు ప్రియము.

మాదార చెన్నయ్యను తలచుకొనుడు. లోకము ఏవగింపుతో పలికిన కులనామమే శరణుల నోట పూజ్యనామమైనది. ఆయన యిచ్చిన అంబలిని శివుడే ఆరగించెనను కథను పాలకురికి సోమనాథుడు బసవపురాణమున తెనుగు ద్విపదలో చెప్పెను. మన నల్లగొండ, పాలమూరు మెట్టపొలాలలో కూలిజనులు త్రాగునదియు ఆ అంబలియే. కలవారికి అది పేదల కూడు. ఆ కథ నెరిగినవానికి శివుని నైవేద్యము.

ఇక మన వాకిటిని చూచుకొందము. పర్వదినమున జంగమయ్యను "దయచేయుడు స్వామీ" అని పిలుతుము. ఆ పూటనే మన చేను కోసిన కూలివానిని "ఒరే, అటు పోయి కూర్చో" అందుము. వడ్డించిన అన్న మొక్కటియే. ఆయనకది ప్రసాదము, ఇతనికి గొంతు దిగని ముద్ద. దాసోహమను మాట మఠమున సంపాదించుకొన్న మాధుర్యమును మన నోటితోనే పోగొట్టుచున్నాము. ప్రక్కనున్న పసివాడు ఆ రెండు పిలుపులను విని, రెండింటిని నేర్చుకొనుచున్నాడు.

కావున అన్నము వడ్డించుటకు ముందు పిలుపును సరిదిద్దుకొందము. ఈ మారు ఆ కూలిమనిషిని కూడ "రండి, అయ్యా" అని పిలిచి, పంక్తిలో మన ప్రక్కనే కూర్చుండబెట్టుదము. అతడు తలయెత్తి భుజించిననాడే మన దాసోహము దాసోహమగును.