తాత డ్యూటీకి పోయిండు

సాయంత్రం ఆరు దాటితే మా నానమ్మ చెప్పులు వెతుక్కుంటుంది. "మీ తాత ఇంకా రాలేదేందిరా?" ఛత్రినాకలో మా ఇంటి గేటుకు అప్పుడే తాళం పడుతుంది. తాత పోయి తొమ్మిదేళ్లు.

డిమెన్షియా అని తెలిసిన కొత్తలో నిజమే చెప్పేవాణ్ణి. విన్న ప్రతిసారీ ఆమెకది మొదటిసారే. పావుగంటలో ఎందుకేడుస్తుందో మరిచిపోయేది, ఏడుపు మాత్రం ఆగేది కాదు. ఇప్పుడు "నైట్ డ్యూటీ, పొద్దున వస్తడు" అంటున్నా. "డబ్బా తీస్కపోయిండా?" అంటుంది. తీస్కపోయిండు.

ప్రాణం కాపాడటానికైనా అబద్ధం కూడదని 1797లో కాంట్ రాశాడు. భాగవతంలో శుక్రాచార్యుడు ప్రాణం, మానం, పెళ్లి అంటూ బలికి కొన్ని మినహాయింపులిచ్చాడు. (మతిమరుపు ఆ జాబితాలో లేదు. బలి ఎలాగూ వినలేదనుకోండి.) ఒక్క అబద్ధంతోనైనా మాట మీద నమ్మకమే చెడుతుందని కాంట్ భయం. నానమ్మకు గుర్తే ఉండదు, ఇక చెడేదేముంది అనుకున్నాను.

కానీ నాకు అలవాటైపోయింది. ఆఫీసు కాల్‌లో ఉండగా మోకాళ్లు నొప్పులంటే "రేపు డాక్టర్ దగ్గరికి పోదాం" అనేస్తున్నా. అది ఆమె బాధ తగ్గించే అబద్ధం కాదు, నా పని తగ్గించేది. గొంతు మాత్రం అదే.

లాల్‌దర్వాజా బోనాల రోజు డప్పులు వినబడగానే నానమ్మ కిటికీ దగ్గరికొచ్చింది. "మీ తాత బతికున్నప్పుడు సింహవాహిని గుడికి తీస్కపోయెటోడు" అంది. నేను లాప్‌టాప్ నుంచి తలెత్తకుండానే, "డ్యూటీకి పోయిండు నానమ్మా, పొద్దున వస్తడు" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. కాసేపు నావైపే చూసింది.